వట్టిపోయిన ఆవును ఏమి చేయవలెను?

చేతిలోని ధనం పరిమితమైనప్పుడు ఏ పనికి ఇవ్వవలెను, ఏ పనికి మానవలెను అనే ప్రశ్న రాజ్యమంత పాతది. సభాపర్వంలో నారదుడు ధర్మరాజును కుశలమడిగే నెపంతో వేసిన ప్రశ్నలలో ఆయవ్యయాల ప్రశ్న ఒకటి ఉన్నది. వచ్చినదానిలో పాతికో, సగమో, ముప్పాతికో, ఏదో ఒక కొలతకు లోబడి నీ వ్యయం నడుస్తున్నదా అని ఆ మహర్షి అడిగినాడు. కౌటిల్యుడు ఇంకొక అడుగు ముందుకు వేసినాడు. కోశానికి గనులే మూలమని చెప్పిన ఆ అర్థశాస్త్రవేత్త, ఏ గని తవ్వకానికి వ్యయప్రయాసలు మిక్కుటమో దానిని భాగానికో గుత్తకో ఇతరులకు ఇవ్వమన్నాడు. ఏది సుళువుగా సాగుతుందో దానిని రాజే నడుపుకోవలెనన్నాడు. భారమైన గనిని పూడ్చివేయమని మాత్రం ఆయన అక్కడ అనలేదు. ఉంచుటకూ ఊడబెరుకుటకూ నడుమ మూడవ దారి ఒకటి ఉన్నదని ఆయన ఎరుగును.

రామగుండం ప్రాంతంలో నివసించేవారికి ఇది కేవలం గ్రంథాలలోని ప్రశ్న కాదు. జ్యోతినగర్ చుట్టూ నాలుగైదు మైళ్ళ మేర చూపు సారిస్తే చాలును. ఒక దిక్కున జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ పొగగొట్టాలు. మరొక దిక్కున గోదావరిఖని గనులు. ఇంకొక దిక్కున ఒకసారి మరణించి తిరిగి పుట్టిన ఎరువుల కర్మాగారం. ఈ మూడింటి చరిత్ర అంతా, దేనికి మేత వేయవలెను, దేనికి మానవలెను అని ఎక్కడో దూరాన కూర్చున్నవారు చేసిన నిర్ణయాల చరిత్రయే. ఆ నిర్ణయాలు ఏ లెక్కలమీద జరుగుతాయో తెలుసుకొనుట వర్తకుల పిల్లలకు మాత్రమే అవసరమైన విద్య అని ఎవరైనా అనుకొంటే పొరపాటు. బడిపంతులుకూ ఆ లెక్కతో పని ఉన్నది. ఎందుచేతనో చివరకు మనవి చేస్తాను.

పెద్ద సంస్థలలో ఈ నిర్ణయానికి ఒక శాస్త్రం వంటిది ఏర్పడి అర్ధశతాబ్ది దాటినది. 1970లో అమెరికాలోని బోస్టన్ కన్సల్టింగ్ గ్రూపు అనే సలహాసంస్థ స్థాపకుడు బ్రూస్ హెండర్సన్ ఒక చతురస్రం గీసి నాలుగు గదులు చేసినాడు. సంత ఎంత వేగంగా పెరుగుతున్నది, ఆ సంతలో మన వాటా ఎంత అనేవి రెండు కొలతలు. సంత పెరుగుతూ మన వాటా పెద్దదిగా ఉంటే అది నక్షత్రం. సంత పెరుగుట మందగించినా వాటా పెద్దదైతే అది పాడి ఆవు. సంత పెరుగుతున్నా మన వాటా చిన్నదైతే అది ప్రశ్నార్థకం. రెండూ లేనిది కుక్క. పాడి ఆవును పిండి, ఆ పాలు ప్రశ్నార్థకాలలో యోగ్యమైనవాటికి పోసి నక్షత్రాలుగా పెంచవలెను, కుక్కలను వదిలించుకోవలెను. స్థూలంగా సిద్ధాంతం ఇంతే.

మన పల్లెరైతుకు ఇందులో వింత ఏమీ తోచదు. పాలిచ్చే గేదె మీద వచ్చిన సొమ్ముతో ఎడ్లజతను కొనుట అతడు తరతరాలుగా చేస్తున్న పనియే. అయితే రైతుకు తెలిసినదీ, ఆ చతురస్రంలో కనబడనిదీ ఒకటి ఉన్నది. ఆవు వట్టిపోవుటకు కారణాలు అనేకం. ముసలితనం కావచ్చు, ఈనుటకు ముందరి కాలం కావచ్చు, మేత చాలక కావచ్చు, పాలు పితికేవాని చేతివాటం కావచ్చు. ఈ నాలుగింటికీ ఒకటే మందు వేసేవాడు రైతు కాడు, కసాయి.

కనుక కోతకు ముందు వేయవలసిన మొదటి ప్రశ్న: ఈ నష్టం నిజమైన నష్టమేనా? లెక్కల పుస్తకంలో ఎర్రసిరా కనబడినంత మాత్రాన నష్టం నిజం కాదు. ఊహకు ఒక ఉదాహరణ తీసుకొందాము. ఒక సంస్థకు పది గనులున్నవి. ప్రధాన కార్యాలయం, ఆసుపత్రి, రైలుమార్గం, కాపలా వీటన్నింటి ఉమ్మడి ఖర్చు ఏటా 100 కోట్లు. తలా 10 కోట్ల చొప్పున గనులమీద వేస్తారు. పదవ గని తన సొంత ఖర్చులు పోను 6 కోట్లు మిగులుస్తున్నది. ఉమ్మడి వాటా వేయగానే కాగితంమీద 4 కోట్ల నష్టం తేలుతుంది. దానిని మూసివేస్తే సంస్థకు 4 కోట్లు కలిసివస్తవా? రావు. ఆసుపత్రి అక్కడనే ఉన్నది, కార్యాలయం అక్కడనే ఉన్నది. పోయినది ఆ గని తెచ్చే 6 కోట్లు మాత్రమే. అంతటితో ఆగదు. ఆ 100 కోట్లు ఇప్పుడు తొమ్మిది గనులమీద పడి తలకు 11 కోట్ల 11 లక్షలు అవుతుంది. నిన్న 11 కోట్లు మిగిల్చి కోటి లాభంతో తల ఎత్తుకొని ఉన్న తొమ్మిదవ గని, తన తప్పేమీ లేకుండానే నేడు నష్టాల జాబితాకు ఎక్కుతుంది. మరుసటి ఏడు కత్తి దాని మెడమీదికి వస్తుంది. ఉమ్మడి కుటుంబంలో ఒక తమ్ముణ్ణి వేరు పెట్టినంత మాత్రాన ఇంటి పన్ను తగ్గదు. ఉన్నవారి వాటా పెరుగుతుంది. ఈ మాట మన అమ్మమ్మలకు తెలుసును, లెక్కల నిపుణులు కొందరు మరచిపోతారు.

ఇది కేవలం ఊహ కాదని బ్రిటను చరిత్ర చెబుతుంది. 1984 మార్చిలో అక్కడి జాతీయ బొగ్గుబోర్డు గిట్టుబాటుకాని గనులంటూ సుమారు ఇరవై గనుల మూసివేతకు సంకల్పించినది. కార్మికులు ఏడాది పాటు సమ్మె చేసినారు. ఆ సమ్మె నడుస్తుండగానే, 1985 జనవరిలో, లెక్కలశాస్త్రం బోధించే అయిదుగురు ఆచార్యులు తమ వృత్తి పత్రికలోనే బోర్డు లెక్కల పద్ధతిని విమర్శించినారు. ఏ గని ఎంత నష్టపెడుతున్నదో చెప్పుటకు వాడిన పట్టికలు, ఏ గనిని మూయవలెనో చెప్పుటకు పనికిరావని వారి వాదం. గని మూసినా తొలగని ఖర్చులను కూడా ఆ గని తలమీదనే రుద్దినారని వారు చూపినారు. సమ్మె ఓడినది, గనులు మూతపడినవి. 2015 డిసెంబరులో బ్రిటను తన చివరి లోతుగనిని కూడా మూసుకొన్నది. జర్మనీ వారూ తమ రాతిబొగ్గు గనులను మూసినారు, కాని వేరు రీతిగా. 2018 నాటికి ముగించవలెనని 2007లోనే నిశ్చయించుకొని, పదకొండు సంవత్సరాల గడువు పెట్టుకొని, పనివారిని వీధిని పడవేయకుండా క్రమంగా తగ్గించుకొంటూ వచ్చి, 2018 డిసెంబరులో చివరి గనికి సెలవు చెప్పినారు. రెండు దేశాలలోనూ బొగ్గు పోయినది. ఒకచోట ఊళ్ళకు ఊళ్ళు గాయపడినవి. మరొకచోట ఊళ్ళకు ఊపిరి తీసుకొనే వ్యవధి దొరికినది.

రెండవ ప్రశ్న: లెక్కలోకి రానిది ఏమిటి? సింగరేణిలో భూగర్భగనులున్నవి, ఉపరితల గనులున్నవి. మనుషులు ఎక్కువగా పనిచేసే భూగర్భగనులలో టన్నుకు అయ్యే ఖర్చు అమ్మకపు ధరను మించుతున్నది. యంత్రాలు ఎక్కువగా పనిచేసే ఉపరితల గనుల మిగులు ఆ లోటును పూడుస్తున్నది. ఆ కారణంచేతనే భూగర్భగని అనగానే 'నష్టం', ఉపరితల గని అనగానే 'లాభం' అనే మాటలు ఈ ప్రాంతంలో జంటపదాలైనవి. లెక్క తప్పని అనను. కాని ఉపరితల గని పొలాన్ని తింటుంది, ఊరిని తింటుంది, చెరువును తింటుంది. పరిహారం అనే పద్దు కింద కొంత సొమ్ము పుస్తకంలోకి ఎక్కుతుంది. దుమ్ములో పెరిగే పిల్లల దగ్గు ఏ పద్దు కిందికీ ఎక్కదు. ఒకరి ఖర్చును మరొకరి పుస్తకంలో వ్రాయించి లాభం చూపుట ఎవరికైనా సాధ్యమే. రెండు రకాల గనులనూ పోల్చవలసివస్తే, రెండింటి పూర్తి ఖర్చునూ త్రాసులో వేసి పోల్చవలెను.

అటుపక్క వాదానికి కూడా న్యాయం చేయవలసి ఉన్నది. దేనినీ మూయరాదు, అన్నింటినీ బ్రతికించవలసినదే అనే మాట వినుటకు ఇంపుగా ఉంటుంది గాని నిలువదు. చెరువులో నీరు ఒక్కటే. ఎండిన మోడుకు పోసిన కడవ, చిగురించే మొక్కకు దక్కని కడవ. ఇన్ని కోట్లు పోసినాము గదా, ఇప్పుడు ఆపితే అవన్నీ వృథా కావా అని కొందరు వాపోతారు. గోడకు కొట్టిన సున్నం తిరిగి రాదు. దానిని తలచి ఇంకొక బుట్టెడు సున్నం కొట్టుట వివేకం కాదు. 1971లో మొదలైన రామగుండం 'బి' విద్యుత్కేంద్రం సామర్థ్యం 62.5 మెగావాట్లు, అర్ధశతాబ్దికి పైగా వెలుగునిచ్చి 2024లో మూతపడినది. మన జ్యోతినగర్ పక్కనే 800 మెగావాట్ల యంత్రాలు తిరుగుతున్న ఈ రోజులలో దానిని మూయుట అన్యాయమని ఎవరూ అనలేరు. ముసలితనం వలన వచ్చిన మరణానికి శోకం ఉండవచ్చును, నింద ఉండరాదు. అక్కడ అడగవలసిన ప్రశ్న ఒక్కటే: దాని స్థానంలో ఏమి వస్తుంది, ఎప్పుడు వస్తుంది? 800 మెగావాట్ల కొత్త కేంద్రం ప్రతిపాదన 2024లోనే వినవచ్చినది. ప్రతిపాదనకు తేదీ జతపడినప్పుడే అది వాగ్దానం అవుతుంది.

మూడవ ప్రశ్న అన్నింటికంటె ముఖ్యమైనది: విఫలమైనది పనియా, పని చేసే పద్ధతియా? దీనికి రామగుండం ఎరువుల కర్మాగారాన్ని మించిన పాఠం మన దేశంలోనే అరుదు. బొగ్గును వాయువుగా మార్చి, ఆ వాయువునుండి యూరియా తీయవలెనన్న ఆశయంతో భారత ఎరువుల సంస్థ ఇక్కడా, ఒడిశాలోని తాల్చేరులోనూ కవలలవంటి రెండు కర్మాగారాలు కట్టినది. రెండింటి ఉత్పత్తీ 1980 నవంబరులో మొదలైనది. రోజుకు 1,500 టన్నుల యూరియా లక్ష్యం. ఆ లక్ష్యం ఏనాడూ నిలకడగా అందలేదు. వాయువు తీసే యంత్రాలు మన బూడిద ఎక్కువైన బొగ్గుతో సరిపడలేదు; విద్యుత్తు మాటిమాటికీ ఆగిపోయేది. అప్పు పెరిగినది, అప్పుమీద వడ్డీ పెరిగినది. 1992లో భారత ఎరువుల సంస్థను రోగగ్రస్త సంస్థగా ప్రకటించినారు. 1999 మార్చి 31న ఉత్పత్తి ఆగినది. 2002లో మూసివేత నిర్ణయం వచ్చినది.

ఆ యంత్రాలను ఆపుట తప్పా? కాదనే నా అభిప్రాయం. ఆ పద్ధతి అప్పటికి ఓడిపోయినది. కాని పద్ధతితో పాటు స్థలం కూడా ఓడిపోయినట్లు భావించుటలోనే పొరపాటు జరిగినది. గోదావరి నీరు అక్కడనే ఉన్నది. రైలుమార్గం అక్కడనే ఉన్నది. కూతవేటు దూరంలో విద్యుత్కేంద్రం ఉన్నది. చుట్టూ యూరియా కోసం సంఘాలముందు వరుసలు కట్టే రైతులున్నారు. ఈ సంగతులు 1999లో నిజమే, 2015లోనూ నిజమే. 2013లో కేంద్రం పాత అప్పును, వడ్డీని మాఫీ చేసినది. 2015 ఫిబ్రవరిలో రామగుండం ఎరువులు, రసాయనాల సంస్థ ఏర్పడినది. 2016లో శంకుస్థాపన జరిగినది. 2021 మార్చిలో, ఈసారి బొగ్గుతో కాక సహజవాయువుతో, ఉత్పత్తి మొదలైనది. 2022 నవంబరులో జాతికి అంకితమైనది. ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా దాని సామర్థ్యం. అదే స్థలం, అదే సరుకు; మారినది పద్ధతి. ఈ నడుమ ఇరువది రెండు సంవత్సరాలు గడిచినవి. 1999లో నలభై ఏళ్ళున్న పనివాడు 2021 నాటికి అరువది రెండేళ్ళవాడు. కర్మాగారానికి పునర్జన్మ ఉన్నది గాని అతని యౌవనానికి లేదు. ఆపుట తప్పు కాదు. ఆపి మరచుట తప్పు. నిర్ణయపత్రంలో 'ఫలానా సంవత్సరం మళ్ళీ పరిశీలించవలెను' అనే ఒక్క వాక్యం ఉంటే ఎన్ని ఏళ్ళు కలిసివచ్చేవో పాఠకులే ఊహించుకోవచ్చును.

దీనికి ఎదురుగా సింగరేణి కథను నిలిపి చూడవలెను. 1889లో ఇల్లందులో తవ్వకాలు మొదలుపెట్టిన ఈ గనుల సంస్థ, నూరేళ్ళు నిండిన కొద్దికాలానికే, 1992లో ఒకసారి, 1996 ప్రాంతంలో మరొకసారి, రోగగ్రస్త పరిశ్రమలను విచారించే మండలి గుమ్మం ఎక్కవలసివచ్చినది. 1996-97 నాటికి పేరుకొన్న నష్టం 1,200 కోట్లు దాటినది. హెండర్సన్ గారి చతురస్రంలో ఆనాడు దానికి ఏ గది దొరికేదో చెప్పనక్కరలేదు. అయితే దానిని కోయలేదు, వడ్డీకి, బాకీకి గడువు ఇచ్చినారు. బదులుగా సంస్థ కూడా మారవలసివచ్చినది: ఉద్యోగుల సంఖ్య తగ్గినది, పద్ధతులు మారినవి, 1998నుండి గుర్తింపు సంఘానికి ఎన్నికలు జరిగినవి. 1997-98 నుండి లాభాలు రాసాగినవి. ఆ లాభంలో కార్మికునికి వాటా ఇచ్చే ఆచారం మరి కొద్దికాలానికే మొదలైనది. ఈ మార్పు ఉచితంగా రాలేదు. 1990 ప్రాంతంలో లక్షకు పైబడిన ఉద్యోగులు నేడు నలభై వేలకు అటూ ఇటూ మిగిలినారు. ఎన్ని ఇళ్ళలో తండ్రి ఉద్యోగం కొడుకుకు అందకుండా పోయినదో ఖనిలోని బడులలో పాఠాలు చెప్పినవారికి తెలియనిది కాదు. అయినా ఆవు బ్రతికినది. గడువుకు షరతు, షరతుకు గడువు జతపడినందువల్ల బ్రతికినది.

ఇక బడిపంతులు సంగతి. ఈ నాలుగు గదుల చతురస్రం ఇప్పుడు కార్ఖానాలనుండి విద్యాలయాలలోకి వచ్చినది. 'హేతుబద్ధీకరణ' అనే గంభీరమైన సంస్కృతపదం వేసుకొని వచ్చినది. పిల్లలు తక్కువగా ఉన్న బడిని పక్క ఊరి బడిలో కలుపుట, చేరేవారు తగ్గిన శాఖలో అధ్యాపకుల కొలువులు ఎత్తివేయుట దాని పనులు. తెలుగుశాఖలలో పనిచేసేవారికి ఈ మాట వింటే గుండె దడ కలుగుట సహజం. స్వార్థం మాట్లాడుతున్నాడని ఎవరూ అనుకోకుండా చెప్పవలసినది చెబుతాను. ఇద్దరు పిల్లలకు ఇద్దరు పంతుళ్ళను ఉంచి, పక్క ఊరిలో ఎనభై మందికి ఒక్కరిని ఉంచుట న్యాయం కాదు. అక్కడ కదలించుట ధర్మమే. కాని సంఖ్య తగ్గినది ఎందుకు అనే ప్రశ్న వేయకుండా కదలించుట, మేత వేయక వట్టిపోయిన ఆవును కసాయికి తోలుట వంటిది. ముందు ఒక పంతులు పోస్టు ఖాళీగా ఉంచుతారు. దానిచేత పిల్లలు తగ్గుతారు. పిల్లలు తగ్గినారని రెండవ పంతులును తీసివేస్తారు. చివరకు బడియే అనవసరమని తేలుస్తారు. తెలుగు ఎన్నుకొనే అవకాశం లేని కళాశాలలో తెలుగు ఎన్నుకొన్నవారు ఎవరూ లేరని లెక్క చూపుట లెక్కయా? 2022లో ఆంధ్రప్రదేశ్‌లో మూడు నుండి అయిదు వరకు తరగతులను సమీపంలోని ఉన్నత పాఠశాలలకు తరలించే 117వ ఉత్తర్వు వెలువడినది. 2025లో దానిని ఉపసంహరించినారు. ఎరువుల కర్మాగారంలో వలెనే ఇక్కడ కూడా నిర్ణయం వెనక్కు మళ్ళినది. నడుమ గడచిన మూడేళ్ళు ఏ పిల్లవానికీ వెనక్కు రావు.

ఇంతకూ చేయవలసినది ఏమి? నా బుద్ధికి తోచినవి నాలుగు. మొదటిది, మూయదలచిన దానిని మూసినందువల్ల నిజంగా తొలగే ఖర్చెంత, పోయే రాబడి ఎంత అనే లెక్కను మాత్రమే ముందుంచవలెను. ఉమ్మడి ఖర్చుల వాటాను దాని మెడకు కట్టరాదు. రెండవది, వ్యాధి పనిదా, పద్ధతిదా, మేతదా అని తేల్చి, ఆ కారణాన్ని అందరికీ తెలిసేటట్లు వ్రాతమూలకంగా చెప్పవలెను. మూడవది, కొనసాగించినా, ఆపినా, ఒక గడువు పెట్టి ఆనాడు తిరిగి చూడవలెను. నాలుగవది, మూసివేతకు అయ్యే ఖర్చును నడుస్తున్న రోజులలోనే కూడబెట్టవలెను. ఈ నాలుగవ సూత్రం కొత్తది కాదు. ప్రతి బొగ్గుగనికీ మూసివేత ప్రణాళిక ఉండవలెననీ, దానికై ప్రత్యేక ఖాతాలో సొమ్ము జమచేయవలెననీ 2009లోనే కేంద్రం నియమం పెట్టినది. గొయ్యి పూడ్చుటకు, నేల చదును చేయుటకు ముందుచూపు చూపిన మనం, ఆ గొయ్యిమీద ఆధారపడిన ఊరికి కూడా అంత ముందుచూపు చూపితే తప్పేమి? ఇల్లందునూ బెల్లంపల్లినీ చూసిన తరువాత గోదావరిఖని గురించి ఈ ప్రశ్న వేయనివారు కళ్ళుండి చూడనివారు.

బొగ్గు ఒకనాటికి అయిపోవునదే. దానిని ఎవరూ ఆపలేరు. ఇక్కడి బొగ్గుమీద వచ్చిన పాలు నేడు జైపూరు విద్యుత్కేంద్రానికీ, సౌరఫలకాలకూ, ఒడిశాలోని నైనీ గనికీ పోతున్నవి. దూడను పెంచుటకు పాలు పోయుట సబబే. ఆ దూడలలో ఒకటైనా తల్లి కట్టుగొయ్య ఉన్న ఈ గడ్డమీదనే పెరగవలెనని అడుగుట కూడా సబబే. అడగవలసినవారు గనిలోకి దిగేవారు మాత్రమే కాదు, వారి పిల్లలకు కూడికలు తీసివేతలు నేర్పేవారు కూడాను. తీసివేత నేర్పేటప్పుడు, దేనినుండి ఏది తీస్తున్నాము, ఏమి మిగులుతుంది, ఆ మిగిలినది ఎవరికి మిగులుతుంది అని కూడా నేర్పితే, రేపు ఆ కుర్చీలలో కూర్చొనేవారి చేతిలో కలం కొంచెం నిదానించి నడుస్తుంది.